సీలు చింపని మనిషి

"చంపింది గుమాస్తానే. ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు చిన్నకొడుకు.

"నీ మొహం. గుమాస్తా రెండో అధ్యాయంలోనే ఊరెళ్ళిపోయాడు. నువ్వసలు చదవనేలేదు," అంది పెద్దకోడలు, కాగితాలు మడత పెడుతూ.

"వెళ్ళినట్టు నటించాడు వదినా!"

"ఎవడు చంపితే మనకెందుకు? ఆ చివరి భాగం చేతికొస్తే చాలు," అని విసుక్కున్నాడు పెద్దకొడుకు.

పొద్దుటి నుంచీ ఇంట్లో ఇదే గోల.

ముందుగది నిండా కొత్త డిటెక్టివ్ నవల కాగితాలే. అందులో ఒక ప్రచురణ సంస్థ యజమాని తన కుర్చీలోనే హత్యకు గురవుతాడు. హంతకుడెవరో చివరి భాగంలో తేలుతుంది. ముందు భాగాలన్నీ అచ్చయిపోయాయి. ఆ చివరిదే ఇంకా రాలేదు. పుస్తకాలు అచ్చేసి అమ్ముకునే ఆ ఇల్లు, ఈ నవల బయటికి రాకపోతే గడవదు.

వాళ్ళ పుస్తకాలకొక పద్ధతుంది. చివరి భాగం చుట్టూ కాగితం అంటించి సీలు వేస్తారు. సీలు చింపకుండా వాపసు తెస్తే డబ్బు తిరిగి ఇచ్చేస్తారు. ఈ కొడుకుల తండ్రి, చనిపోయిన పెద్దాయన, పెట్టిన పద్ధతి అది. హంతకుడెవరో చూడకుండా ఎవడుండగలడని ఆయన ధీమా.

రచయిత ఎవరో కూడా ఆయనొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడట, చెప్పకుండానే పోయాడు. రాసిన కాగితాలు పోస్టులో వస్తాయి, డబ్బు కలంపేరు మీద ఒక చిరునామాకు వెళుతుంది. రచయితకు పుస్తకం పంపడం మాత్రం, పోస్టు ఖర్చు దండగని, పెద్దకొడుకు మానేశాడు. అట్ట వెనక నల్లకళ్ళద్దాలతో కనిపించే ఫోటో చిన్నకొడుకుది.

"బాబుగారూ..."

గుమ్మంలో ఒక ముసలాయన. చంకలో కిందటి నవల.

"వచ్చాడు సీలాయన," గొణిగాడు చిన్నకొడుకు.

ఆయన పేరెవరికీ తెలియదు. పెద్దాయన పోయినప్పటి నుంచీ ప్రతి నవలా కొంటాడు. చదివి, సీలు చెక్కుచెదరకుండా తెచ్చి, డబ్బు పట్టుకెళతాడు. ఇన్నేళ్ళలో అలా తెచ్చినవాడు ఈయనొక్కడే.

"మీకసలు నిద్రెలా పడుతుందండీ? హంతకుడెవరో చూడాలనిపించదూ?" అని అడిగాడు చిన్నకొడుకు.

"నాకెందుకులే బాబూ," అని నవ్వాడాయన.

పెద్దకొడుకు పుస్తకం లాక్కుని సీలు గోటితో గీకి చూశాడు. తప్పు దొరకలేదు. డబ్బు తీసి చాచాడు. ఆయన అందుకోలేదు.

"ఇవాళ దీనికోసం రాలేదు. మీతో విడిగా ఒక్క మాట..."

"విడిగా ఏముంటుందండీ? ఇక్కడే చెప్పండి."

ఆయన గదిలో అందరి మొహాలూ చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"చేతిరాత బాగున్నవాళ్ళనెవరినైనా ఒక గంట నా దగ్గర కూర్చోబెడతారా? నేను చెబుతుంటే రాసిపెట్టాలి. నా చెయ్యి పడిపోయింది."

"బాగుంది! ఉత్తరాలు రాసిపెట్టే దుకాణంలా కనిపిస్తున్నామా?" అన్నాడు పెద్దకొడుకు.

"మా వదినవి ముత్యాల్లాంటి అక్షరాలు. కాకపోతే రేటెక్కువ," అన్నాడు చిన్నకొడుకు.

వదిన కూడా నవ్వింది.

"ఎవర్రా? పాపం, కూర్చోమని మంచినీళ్ళివ్వండి," లోపలి నుంచి తల్లి కేకేసింది.

"నువ్వూరుకోమ్మా. ఇవాళ కుర్చీ వేస్తే రేపు మంచమంటాడు." పెద్దకొడుకు ముసలాయన వైపు తిరిగాడు. "మాకు చచ్చేంత పనుంది, వెళ్ళండి."

"పోనీ, రేపు రమ్మంటారా?"

"అసలు రావద్దు. ఇకమీదట వాపసులు కూడా లేవు."

తలుపు పడింది.

చివరి భాగం ఆ వారమూ రాలేదు. పుస్తకాల షాపుల వాళ్ళు నిలదీయడం మొదలుపెట్టారు. చేసేది లేక పెద్దకొడుకు, డబ్బు పంపే చిరునామా జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

సాయంత్రం వట్టి చేతులతో వచ్చాడు.

"రాయలేదటా?" అని ఎదురొచ్చింది భార్య.

"పోయాడట. మొన్ననే."

ముందుగా తేరుకున్నది చిన్నకొడుకే.

"సర్లే. చివరిది నేను రాసేస్తాను. ఫోటో ఎలాగూ నాదేగా."

"రాసెయ్. గుమాస్తానే చంపించు, పీడా పోతుంది. ఎవరికి తెలుస్తుంది?" అంది వదిన.

పెద్దకొడుకు వంటింట్లోకి వెళ్ళి తల్లి దగ్గర నిలబడ్డాడు. అతని గొంతు వినిపించింది కానీ మాటలు వినిపించలేదు. ఆ తర్వాత గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

తల్లి ముందుగదిలోకి వచ్చింది. కాగితాల కట్ట జరిపి, పీట వేసుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు.

"చివరి భాగం ఎవరూ రాయరు. తెల్లకాగితాలు పెట్టి సీలు వెయ్యండి."

"తెల్లకాగితాలా! చింపి చూసినవాడల్లా వచ్చి మన మీద పడతాడమ్మా!" అన్నాడు చిన్నకొడుకు.

"పడనీ."

"కొట్టు మూసుకోవాల్సొస్తుంది!"

"మూసుకుందాం."

"హంతకుడెవరో తేలకుండా నవలేమిటత్తయ్యా?" అంది కోడలు.

"అక్కడ దండ వేసిన ఫోటో వీడు చూసొచ్చాడు. ఆ నవలలన్నీ రాసినాయన మన గుమ్మంలోకే వచ్చి, చివరిది నోటితో చెబుతాను రాసుకోండని అడిగితే, నవ్వి తలుపేశాం."