పాచి ముగ్గులో పాలపుంత

"పాలపుంత ఏది?"

బస్వరాజ్ సార్ అరుపుకు వరండా మీది పావురాలు లేచిపోయాయి. నిన్న సాయంత్రం దాకా బడి ముంగిట పరుచుకుని ఉన్న గెలాక్సీల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు. నేల మీద చీపురు చారలు, ఓ మూల రంగుపొడి కుప్ప. కుప్ప పక్కన చీపురుతో బడి ఊడ్చే నీలమ్మ. ఆమెకు రెండడుగుల దూరంలో, పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని తొమ్మిదో తరగతి ఆస్రా.

"ఎవరు ఊడ్చిన్రు?"

ఆస్రా పెదాలు కదిలాయి.

"నేనే సారూ," అంది నీలమ్మ.

"నీకు కండ్లు కనవడ్తలేవా? రెండు రోజులు కూసొని వేసింది ఆ పిల్ల!"

"పాచి ముగ్గు మీద పొద్దు పొడవద్దు సారూ. ఇల్లయినా, బడయినా గంతే. పదకొండేండ్ల సంది గట్లనే ఊడుస్తున్న."

"అది ముగ్గు కాదు! మన చుట్టుపక్కల ఉన్న గెలాక్సీలు!"

"ముగ్గుపొడితోని ఏస్తే ముగ్గే గద సారూ."

సార్ ఫోన్ మోగింది. సైన్స్ ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వస్తున్న ఉమారాణి మేడం బోరంచ దాటిందట. అర్ధగంటలో ఇక్కడుంటుంది. చుట్టుపక్కల బడులన్నిటిలో ఆమెకు నచ్చిన ఒకే ఒక్కటి సంగారెడ్డిలో జిల్లా ప్రదర్శనకు పోతుంది. నారాయణఖేడ్‌లోని ఈ బడి నుంచి ఇప్పటిదాకా ఒక్కరూ పోలేదు.

సార్ ఫోన్ జేబులో పెట్టుకుని నీలమ్మ వైపు వేలు చూపించాడు.

"గీ పిల్ల సంగారెడ్డి పోకపోతే, రేపటిసంది నువ్వు బడికి రాకు. హెడ్మాస్టర్‌తోని నేనే మాట్లాడ్త."

"సార్, నీలవ్వ..." అంటూ ఆస్రా ముందుకొచ్చింది.

"ఏడ్వకు బిడ్డా," నీలమ్మ అడ్డుపడింది. "అర్ధగంట శానా టైము. నువ్వు చెప్పు, నేను ఏస్త. నా చేతికి ముగ్గు కొత్తనా?"

ఆమె కొంగు దోపి కూర్చుంది. ఆస్రా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని జల్దీ జల్దీ చెప్పసాగింది.

"నడుమ ఉబ్బు రావాలె. దాంట్లకెళ్లి చేతులు సుడి తిరుగుతయి. గిదే పాలపుంత. మనం గీ చేతి మీద ఉన్నం."

"మా ఊరు నాగల్‌గిద్ద గూడనా?"

"సూర్యుడు గూడ అవ్వా!"

"అబ్బో," అంది నీలమ్మ. వేళ్ల మధ్య నుంచి తెల్ల పొడి సన్నటి ధారగా జారుతోంది. నిన్నటి పాలపుంత కన్నా ఇదే బాగుందని సార్‌కు అనిపించింది గానీ, పైకి అనలేదు.

ఆ మూల ఇంకో పెద్ద సుడి, ఆండ్రోమెడా. దానికి కొంచెం ఎడంగా మూడో సుడి, చిన్నది. ఆండ్రోమెడా పక్కనే కోడిగుడ్డంత ఒక అండాకార గెలాక్సీ.

"దీనికి చేతులు లేవా పాపం?"

"లేవు. ఇగ రెండు మబ్బులు మిగిలినయి. వాటికి ఒక రూపం అంటు లేదు."

నీలమ్మ పొడి తీసుకుంది. రెండు క్షణాల్లో నాలుగు రేకుల పువ్వు తయారైంది.

"అవ్వా, పువ్వయింది!"

"ఏం చెయ్యాలె? వంకర ముగ్గు నా చెయ్యి ఎయ్యదు."

ఆస్రా నవ్వేసి, పువ్వును చెరిపి, తానే గుప్పెడు పొడి తీసుకుని పాలపుంత పక్కన రెండు చోట్ల చల్లింది.

"అక్కడెందుకు?" సార్ గబగబా వచ్చాడు. "నేను కాగితం మీద గీసిచ్చింది ఆండ్రోమెడా పక్కన గద?"

ఆస్రా తలొంచుకుని సంచిలోంచి పుస్తకం తీసింది. సార్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. మెగెల్లానిక్ మేఘాలనే ఆ రెండు చిన్న గెలాక్సీలూ పాలపుంత చుట్టుపక్కలే ఉంటాయి.

"మరి మొన్ననే చెప్పొద్దా నాకు?"

"చెప్పిన సార్. కాగితంల ఉన్నట్లే వెయ్, ఎదురు మాట్లాడకు అన్నరు."

సార్ ఏదో అనబోయేలోగా గేటు దగ్గర జీపు ఆగింది.

ఉమారాణి మేడం ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగింది. సుడుల దగ్గర ఆగలేదు. నేరుగా మబ్బుల దగ్గరికే వచ్చింది.

"ఇవి రెండూ ఇక్కడే ఎందుకున్నాయి? ఆండ్రోమెడా దగ్గర ఎందుకు లేవు?"

"ఇవి పాలపుంత పక్కింటోళ్లు మేడం. దాని చుట్టే తిరుగుతయి. ఆండ్రోమెడా ఇక్కడికి ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాల దూరం ఉంటది."

మేడం నవ్వింది. "పొద్దున్నుంచి మూడు చోట్ల ఇదే అడిగాను. తడుముకోకుండా చెప్పింది నువ్వే." సార్ తెప్పించిన చాయ్ చల్లారుతున్నా పట్టించుకోకుండా, ముందు కాగితం మీద ఆస్రా పేరు రాసుకుంది.

జీపు వెళ్లిపోయాక బస్వరాజ్ సార్ నీలమ్మ ముందు నిలబడి చేతులు జోడించాడు.

"నీలమ్మా, నన్ను మాఫ్ చెయ్. నువ్వు ఊడ్వకపోతే నా తప్పుకు గీ పిల్ల మునుగుతుండె."

"గదేంది సారూ! పాచి ముగ్గు ఊడ్చుడు నా పనే గద."

"ఇగ నుంచి నీకు ఏది ఊడ్వాలనిపిస్తే అది ఊడ్వు. ఎవడడుగుతడో నేను చూస్త!" అంటూ సార్ సంబరం పట్టలేక హెడ్మాస్టర్ గదికి పరుగెత్తాడు.

ముంగిట్లో ఇద్దరే మిగిలారు. ఆస్రా నీలమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ముగ్గుపొడి ఆమె చెంపలకంటి, కన్నీళ్లతో తెల్లటి చారలు కట్టింది.

"ఇంకోసారి నా తిట్లు నన్నే తిననియ్యి అవ్వా," అంది. "ఊడ్చింది నేను గద!"