గాలి దిగని సైకిలు

ఆ ఊళ్ళో ఒక సైకిలుండేది. దానికి నెలల తరబడి ఒక్కసారి కూడా గాలి కొట్టించలేదంటే నమ్ముతారా?

నమ్మకపోతే లాండ్రీ అమ్మాయినే అడగండి. తొక్కింది తనే.

ఆమె పనిచేసే లాండ్రీ ఒక పెద్ద ఆసుపత్రి వెనకాల ఉంది. పనల్లా ఉతికిన దుప్పట్లు మడతపెట్టడమే. దుప్పటి మడతకి ఇద్దరుండాలి. ఆమెకి అవతలి కొస పట్టేవాళ్ళు లేరు. గోడకి రెండు మేకులు కొట్టి, కొసలు వాటికి తగిలించి, ఆ మేకులకే కబుర్లు చెబుతూ మడతపెట్టేది.

ఊరికి కొత్త. గదికి వెళ్తే తాళం, తలుపు, తను.

బస్సు సంగతి ఇక చెప్పక్కర్లేదు. తన కాళ్ళతో ఎక్కి, ఎవరి కాళ్ళతో దిగేదో దేవుడికెరుక. సగం రోజులు అది అసలు ఆగేదే కాదు. ఇంకోసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దని సూపర్‌వైజరు చెప్పేశాడు.

అందుకని పాత సైకిళ్ళ కొట్టుకి వెళ్ళింది.

కొట్టాయన గేర్ల సైకిలు చూపించాడు. దాని సోకు ఎక్కువ, ధర ఇంకా ఎక్కువ. ఎర్రది చూపించాడు. ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మడతపెట్టే సైకిలు చూపిస్తే, పొద్దస్తమానం నేను మడతపెట్టేది చాలదా అంది.

మూలన బూడిదరంగు సైకిలొకటి ఉంది. ముందు బుట్ట, చైనుకి కవరు, వెనక క్యారియరు. ధర అడక్కుండానే ఆమె దాని బెల్లు నొక్కింది.

ట్రింగుమంది. ఈ ఊరొచ్చాక తను పలకరిస్తే తిరిగి పలికింది అదొక్కటే.

పక్కన స్టూలు మీద ఒక ముసలాయన, ఒళ్ళో గాలిపంపు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చప్పుడికి తలెత్తాడు.

ఎంత దూరం తొక్కుతావన్నాడు. పగలంతా ఎక్కడ పెడతావన్నాడు. లాండ్రీ వెనక గోడ పక్కనంటే, అక్కడ నీడుంటుందా అన్నాడు. మరి వానొస్తేనో అన్నాడు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా అన్ని ఆరాలు తియ్యరు.

బ్రోకరు కాబోలనుకుంది.

చివరికి ఆయన తలూపాడు. కొట్టాయన ఆమె చేతిలో ఉన్నంతకే సైకిలిచ్చేశాడు.

"ఆ పంపు కూడా ఇప్పించండి తాతా. మీరేం చేసుకుంటారు?"

"పంపు అమ్మను తల్లీ."

సైకిలు లేని మనిషికి పంపెందుకో. పిసినారి, అనుకుంది.

మర్నాటినుంచి ఆమెదే రాజ్యం. బస్సుకి వేలాడేవాళ్ళ పక్కనుంచే బెల్లు కొట్టుకుంటూ పోయేది. సూపర్‌వైజరు వచ్చేసరికి సగం దుప్పట్లు మడతలో ఉండేవి.

వింతేమిటంటే, నెలలు గడిచినా చక్రాలు రాయిలా గట్టిగానే ఉన్నాయి.

పక్క గదిలో ఇస్త్రీ చేసే అన్నకి చెబితే, "నీ సైకిలు దానంతటదే ఊపిరి పీల్చుకుంటోందేమో చెల్లెమ్మా, ముక్కెక్కడుందో చూడు" అన్నాడు. ఆ మాట ఆసుపత్రంతా పాకింది. రోగులు కిటికీల దగ్గరికి లేచొచ్చి చూసేవారు. ఒకాయనైతే ఆ సైకిలు చూశాకే తన ఆయాసం తగ్గిందని ఒట్టేసి మరీ చెప్పాడు.

అలా మనుషులు ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టారు. అన్నీ సైకిలు గురించే అనుకోండి. అయినా మాటలే కదా.

ఒకరోజు నీళ్ళు తాగడానికి బయటికొచ్చింది. వెనక చక్రం దగ్గర ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. బుస్సుమని గాలి పోతున్న చప్పుడు.

ఆ ముసలాయనే. చెయ్యి వాల్వు మీదుంది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈ ఊళ్ళో తనకున్నదల్లా ఆ సైకిలొక్కటే. మీరు కాస్తా నువ్వయిపోయింది.

"కమీషను చాల్లేదా నీకు? చవగ్గా ఇప్పించానని కుళ్ళా?"

"వెనకది కొంచెం మెత్తబడింది తల్లీ..."

"నువ్వు గాలి తీస్తే మెత్తబడదా? ఇంకోసారి దీని జోలికొస్తే అందరినీ పిలుస్తాను."

ముసలాయన పక్కనున్న సంచీ తీసుకున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. చొక్కా అంచుతో బెల్లు మీది దుమ్ము తుడిచి, వెళ్ళిపోయాడు.

మర్నాడే గాలి దిగింది. కొట్టిస్తే, ఆ మర్నాటికి మళ్ళీ దిగింది. సైకిలుకి జలుబు చేసిందన్నాడు ఇస్త్రీ అన్న. ఆమెకి నవ్వు రాలేదు. గాలి దిగిన చక్రంతో తోసుకుంటూ వెళ్ళేసరికి బాగా ఆలస్యమైంది. ఈ ఒక్కసారికి వదిలేస్తున్నానన్నాడు సూపర్‌వైజరు.

పని దిగగానే సైకిలు నడిపించుకుంటూ కొట్టుకి వెళ్ళింది. మీ బ్రోకరు నా ట్యూబులు పాడుచేశాడని గట్టిగా అడిగింది.

కొట్టాయన చక్రం నొక్కి చూశాడు.

పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

ఆయన లోపలికెళ్ళి ఒక సంచీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆ రోజు గోడ పక్కన చూసిన సంచీ. అందులో గాలిపంపు.

"నీకిమ్మన్నాడమ్మా. గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

"పంపు అమ్మనన్నాడుగా?"

"అమ్మలేదు కదా, ఇచ్చాడు. ఆయన బ్రోకరు కాదమ్మా. అది వాళ్ళావిడ సైకిలు. ట్యూబులు పాతవి, రాత్రికి రాత్రే గాలి దిగిపోయేది. ఆవిడ పోయాక కూడా రోజూ పొద్దున్నే దానికి గాలి కొట్టేవాడు."

ఆమె పంపు పిడి పట్టుకుంది. చెక్క అరిగి, ఒక చేతి ఆకారంలో గుంటపడి ఉంది.

"మరి పాత ట్యూబులెందుకు వదిలేశారు?"

"కొత్తవి వేసి ఇస్తానంటే నన్ను ముట్టనివ్వలేదమ్మా. గాలి దిగకపోతే, రేపట్నుంచి పొద్దున్నే లేచి నేనెవరి దగ్గరికి పోవాలన్నాడు."