ఐదో నెల

"ఎన్ని నెలలు?" అని అడిగాడు వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్.

ఆమె ఎడమ చెయ్యి భుజం దాకా ఆవు లోపల ఉంది. చెంప తోక మొదలుకు ఆనింది. ఆవు కడుపుతో ఉందో లేదో, ఉంటే ఎన్నో నెలో, చేత్తో తడిమి చెప్పడం పశువైద్య కాలేజీలో ఆఖరి పరీక్ష. మనిషికి ఐదు నిమిషాలు. నాలుగు అయిపోయాయి.

బొటనవేలంత లావున మెత్తగా ఏదో తగిలి జారిపోయింది. దూడ మాత్రం ఎక్కడా తగల్లేదు. ఆమె కంటే ముందు ఇరవై ఇద్దరు చూసి వెళ్లారు. అందరూ ఒకటే జవాబు చెప్పారని బయట బెంచీ మీద విన్నది.

"ఐదు సార్," అంది.

"ఏం తగిలింది?"

పుస్తకంలో ఉన్నది అప్పజెప్పింది. ఆయన మార్కులు వేసి తర్వాతివాణ్ణి పిలిచాడు.

కుళాయి దగ్గర అందరూ చేతులు కడుక్కుంటున్నారు.

"ఎంత చెప్పావు పొట్టీ?" అన్నాడు క్లాసులో మొదటి ర్యాంకు వాడు.

"ఐదు."

"నీ చెయ్యి అంత దూరం వెళ్లిందా! నాకు తల తగిలింది. పుచ్చకాయంత ఉంది."

"నన్నైతే లోపలి దూడ గిట్టతో తన్నింది," అంది హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే అమ్మాయి. "పరీక్ష నీకా నాకా అన్నట్టు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చేతికి రెండోసారి సబ్బు రాసుకుంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏమ్మా డాక్టరమ్మా, గట్టెక్కావా?"

"ఎక్కానక్కా."

"మీ బావ అప్పుడే నీ పేరుకు బోర్డు గీస్తున్నారు. పక్కన ఆవు బొమ్మట. చూస్తే కుక్కలా ఉంది."

తలనొప్పిగా ఉందని చెప్పి పెట్టేసింది. పాల ఫారంలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. ఈ పరీక్ష ఒక్కటే తరువాయి. అక్కడ నాలుగు వందల ఆవులున్నాయి. కడుపుతో ఉన్నవాటిని ఉంచుకుంటారు, లేనివాటిని కబేళాకు పంపుతారు. ఏది ఉండాలో ఏది పోవాలో ఈ చేత్తో తడిమి ఆమే చెప్పాలి.

మర్నాడు తమ కాలేజీ ప్రొఫెసర్ గది తలుపు తట్టింది.

"సార్, నిన్న అబద్ధం చెప్పాను."

"ఏమని?"

"నాకేమీ తగల్లేదు. బెంచీ మీద విన్నదే చెప్పాను."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ ఆవుకు ఐదో నెల అని రిజిస్టరులో రాసింది నేను. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. అంతమందికి తగిలింది నీకెందుకు తగల్లేదు?"

"అదే తెలియడం లేదు సార్. ఇంకొక్కసారి చూడనివ్వండి."

ఇద్దరూ కొట్టానికి వెళ్లారు. ఈసారి గడియారం లేదు. పదిహేను నిమిషాలు వెతికింది. చెమట కళ్లలోకి దిగింది.

"బొటనవేలంత ఉన్నది ఒకటి తగులుతోంది సార్. అంతే."

"పేగు మడత అయి ఉంటుంది. జరుగు."

ఆయన గ్లవ్ తొడుక్కుని చెయ్యి పెట్టాడు. అర నిమిషం తర్వాత తీశాడు. గ్లవ్ విప్పి బకెట్లో పడేశాడు.

"ఐదో నెలే," అన్నాడు గోడవైపు చూస్తూ. "ఈ నెలకి గర్భసంచి పొట్టలోకి దిగిపోతుంది. నీ చేతికి అందదు."

ఆమె తల వంచుకుంది.

"మార్కుల షీటు ఇంకా పంపలేదు. నీవి కొట్టేస్తాను. ఆరు నెలల తర్వాత మళ్లీ రాయి. నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి ఈ మాట ఈ కొట్టం దాటదు."

"మీ మేలు మరిచిపోను సార్." మనస్ఫూర్తిగానే అంది.

బట్టలు సర్దుకుంటుంటే గదిలో అమ్మాయి పెట్టె మూత పట్టుకుంది.

"నిన్నెవరడిగారే చెప్పమని? నోరు మూసుకుని ఉంటే పోయేదిగా!"

"నీకు తగిలింది కాబట్టి అలా అంటున్నావు."

ఆ అమ్మాయి మూత వేసి, తాళం కోసం వెతకసాగింది. తాళం బల్ల మీదే ఉంది.

బస్సు ఎక్కేముందు అక్కకు ఫోన్ చేసింది. "ఫెయిలయ్యానక్కా. బావను బోర్డు ఆపమను."

"అయ్యో! ఎలా పోయిందే? నిన్న బాగానే ఉన్నావుగా?"

"అందరి చేతులకూ తెలిసింది నా చేతికి తెలియలేదక్కా. ఫారంలో చేరి ఉంటే ఎన్ని ఆవుల ఉసురు పోసుకునేదాన్నో."

కిటికీ పక్క సీట్లో కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాని మీద సంచీ పెట్టుకుంది.

నాలుగో రోజు కాలేజీ కొట్టంలో ఆ ఆవు ఎదకొచ్చి ఎద్దు కోసం అరిచింది.