నాలుగు మైళ్ళ వేగం

“ఆపేయమ్మా! ఆపేయ్!”

ఫిజియోథెరపీ అమ్మాయి ఉలిక్కిపడి బటన్ నొక్కింది. నడక మిషను పట్టా నెమ్మదించి ఆగింది. తెర మీద అంకె నాలుగు నుంచి సున్నాకి దిగేదాకా రైలు డ్రైవరు పక్కనున్న కమ్మీని వదల్లేదు.

“నాలుగుకే ఆయాసం వచ్చేస్తోంది. ఇక ఐదు ఎక్కడ? నా పనైపోయింది,” అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

గుండె ఆపరేషన్ జరిగి మూడు నెలలైంది. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో పది నిమిషాలు నడిస్తే చాలు, మళ్ళీ ఇంజనెక్కొచ్చని డాక్టరుగారు సంతకం పెడతారు. నడవలేకపోతే ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే కుర్చీయే గతి. ముప్పయ్యేళ్ళు ఇంజను నడిపిన మనిషికి ఆ కుర్చీ తలుచుకుంటేనే ఏడుపొస్తోంది. మూడు రోజులుగా ప్రయత్నిస్తున్నాడు. ఇవాళే ఆఖరి రోజు.

డాక్టరుగారు నాడి చూశారు. “రిపోర్టులన్నీ బాగున్నాయి. గుండెలో ఏ లోపమూ లేదు. కాసేపు ఆగి ఇంకోసారి ప్రయత్నించండి,” అని పక్క గదిలోకి వెళ్ళారు.

“లోపం లేదంటే వీళ్ళకి దొరకలేదన్నమాట,” అన్నాడు డ్రైవరు.

భార్యకు ఒళ్ళు మండింది. “మీ గుండె సంగతి డాక్టరు కంటే మీకే ఎక్కువ తెలుసా?”

“నాకు కాదు, ఆ మీటరుకు తెలుసు. మనుషులు వంద చెప్తారు. మీటరు అబద్ధం చెప్పదు.”

ఈ మాట ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటోంది. ఒళ్ళు కాలిపోతున్నా సరే, థర్మామీటరు చూశాకే మూలగడం మొదలుపెట్టే రకం ఆయన. ఇప్పుడు మిషనెక్కితే దారి చూడడు, కాళ్ళు చూడడు, ఆ అంకెనే గుడ్లప్పగించి చూస్తాడు. మూడు దాటగానే చెమటలు, నాలుగు కనబడగానే కేకలు.

ఆవిడ సీసా తీసుకుని లేచింది. “నీళ్ళు పట్టుకొస్తాను. మీరు కదలకుండా కూర్చోండి.”

పావుగంటకి గానీ తిరిగి రాలేదు. సీసా ఖాళీగానే ఉంది. వెనకాల భుజాన పనిముట్ల సంచీతో ఒక మెకానిక్ ఉన్నాడు.

“మిషన్లు బాగుచేసే తమ్ముడట, వరండాలో కనిపించాడు. దీన్ని కూడా ఒకసారి చూడమన్నాను,” అంది ఫిజియోథెరపీ అమ్మాయితో.

మెకానిక్ మిషను చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. తెర మీద వేలితో రెండుసార్లు తట్టి నాలుక చప్పరించాడు.

“ఎవరండీ దీన్ని మైళ్ళలో పెట్టింది?”

డ్రైవరు తలెత్తాడు. “ఏమన్నావ్?”

“ఇది చూపించేది కిలోమీటర్లు కాదు సార్. గంటకు మైళ్ళు.”

ఫిజియోథెరపీ అమ్మాయి ముఖం పాలిపోయింది. “నేనేం ముట్టుకోలేదండీ! నేనొచ్చి రెండు వారాలే అయింది!”

డ్రైవరు ఆ మాట వినిపించుకోలేదు. ఆయన పని నేర్చుకునే రోజుల్లో పాత ఇంజన్లలో మైళ్ళ మీటర్లే ఉండేవి. ఎనిమిదితో గుణించు, ఐదుతో భాగించు అని పెద్ద డ్రైవరు లెక్క చెప్పించేవాడు, తప్పితే నెత్తి మీద మొట్టేవాడు. ఆ మొట్టికాయల లెక్క ఇప్పుడు చకచకా బయటికొచ్చింది.

“నాలుగెనిమిదులు ముప్పైరెండు... ఐదుతో భాగిస్తే ఆరు పాయింట్ నాలుగు! ఏమేవ్, విన్నావా? ఐదు నడవమని ఆరుంపావు దాటించారు నన్ను! అదే ఐదు పెట్టుంటే ఎనిమిది! ఎనిమిదంటే పరుగే కదా! మరి ఆయాసం రాక ఛస్తుందా?”

కోప్పడదామనుకున్నాడు గానీ నవ్వొచ్చేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మూడు రోజుల నుంచీ తనది సగం చచ్చిన గుండె అనుకుంటున్నాడు మరి.

మెకానిక్ మిషను పక్కన చతికిలబడి మూత విప్పాడు. రెండు నిమిషాలు లోపల ఏదో గెలికి, మళ్ళీ బిగించాడు. “ఇప్పుడు ఎక్కండి సార్. అచ్చంగా కిలోమీటర్లే.”

డ్రైవరు కమ్మీ పట్టుకోకుండానే ఎక్కాడు. మూడు దాటింది. నాలుగొచ్చింది.

“ఇదా నాలుగంటే? షికారుకెళ్ళినట్టుంది. పెంచమ్మా!”

ఐదు దగ్గర పెట్టి, ఫిజియోథెరపీ అమ్మాయి గడియారం చూడసాగింది. ఆయన చేతులూపుకుంటూ, వరదనీటిలో పట్టాలు మునిగిన రోజు బండిని ఎలా అంగుళం అంగుళం నడిపాడో ఆ అమ్మాయికి కథ మొదలుపెట్టాడు. తెర వైపు చూడటమే మర్చిపోయాడు. డాక్టరుగారు ఎప్పుడొచ్చారో కూడా చూసుకోలేదు.

“పన్నెండు నిమిషాలైంది, ఇక దిగండి. మీ ఇంజను మీదే,” అన్నారు డాక్టరుగారు నవ్వుతూ, కాగితం మీద సంతకం పెడుతూ.

భార్య గోడకి ఆనుకుని తనివితీరా ఊపిరి పీల్చుకుంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది ఆవిడకి.

తోటి డ్రైవర్లకి కబురు చెప్పాలని ఆయన ఫోను పట్టుకుని మెట్ల వైపు నడిచాడు. ఆవిడ వరండాలోకి వచ్చేసరికి మెకానిక్ సంచీ విప్పుకుని కింద కూర్చుని ఉన్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి కూడా గబగబా అక్కడికే వచ్చింది.

“అన్నా, మైళ్ళని కిలోమీటర్లలోకి ఎలా మార్చారో నాక్కూడా చూపించండి. రేపు మళ్ళీ మారిపోతే నా ఉద్యోగం ఊడుతుంది.”

మెకానిక్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నవ్వాపుకోలేక ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

“నాకేం తెలుసమ్మా, నేను వాటర్ కూలర్ బాగుచేయడానికొచ్చాను.”