తలుపు చాటు ఇంగ్లీషు

"అన్ మాటలు చాలు. ఇంకొకటి చెప్పమను" అన్నారు వాసుదేవమూర్తిగారు, పడసాలలో పీట మీద కూర్చుని.

వంటింటి తలుపు వెనకాల కోడలు అంబుజ ఇంకాస్త లోపలికి జరిగింది. బాగేపల్లిలోని ఆ ఇంట్లో మామగారి ఎదురుగా నిలబడి మాట్లాడే వాడుక లేదు. కోడలు చాటునుంచి గుసగుసగా చెబితే, అత్తగారు వరమహాలక్ష్మమ్మ గడప పక్కన కూర్చుని దాన్ని పైకి చెబుతుంది. నెలరోజులుగా ఇంగ్లీషు పాఠం ఇలాగే సాగుతోంది. గుడికొచ్చే మహారాజావారి అధికారులతో నాలుగు ముక్కలు మాట్లాడాలని పెద్దాయనకి ముసలితనంలో కోరిక పుట్టిందట.

"కొత్తది ఏమీ లేదా అంటాండారు" అత్తగారు వెనక్కి తిరిగి అంది.

"ఇంకా అన్ మాటలే ఉండాయని చెప్పండి అత్తా" అని గొణిగింది అంబుజ.

ఆమె దగ్గరున్న సరుకంతా అదే మరి. పుట్టిన ఊరు చింతామణిలో బడికి పోయింది కొద్ది రోజులే. మాటకి ముందు అన్ తగిలిస్తే అర్థం తిరగబడుతుందని అక్కడి పంతులమ్మ చెప్పిన ముక్క ఒక్కటే బుర్రలో నిలిచింది. హ్యాపీ అంటే సంతోషం, అన్‌హ్యాపీ అంటే దుఃఖం. "మన శుభం, అశుభం మాదిరే ఉండాదే" అని మామగారు మురిసిపోయారు. ఆ మురిపెమే ఆమె కొంప ముంచింది. లక్కీ, కైండ్ అయిపోయాక, తెలిసిన ప్రతి మాటకీ అన్ తగిలించేసింది. అన్‌బిగ్ అంటే చిన్నది. అన్‌కమ్ అంటే వెళ్ళిపో. పెద్దాయన వాటిని స్నానం చేస్తూ కూడా వల్లె వేస్తుంటే, నేల చీలితే అందులోకి దూరిపోదామా అనిపించేది.

ఇదంతా నాన్న చేసిన నిర్వాకం. "మా శ్యామసుందర ఎస్సెస్సెల్సీ పాసైనాడు, వానికి ఇంగ్లీషు వచ్చిన పిల్ల కావాల" అని వీళ్ళనగానే, సంబంధం ఎక్కడ జారిపోతుందోనని "మా అంబుజ ఇంగ్లీషు గడగడా మాట్లాడతాది" అనేశాడు. ఆయన అనేసి చింతామణిలో హాయిగా ఉన్నాడు. సిగ్గుతో చచ్చేది ఈమె.

"అన్ వద్దే. ఈ పొద్దు ఎట్లైనా ఇంకో రెండు రకాలు రావాల" మామగారి గొంతులో తొందర. "అమ్మాయికి చెప్పు, ఇంక పొద్దు లేదు."

అంబుజ పెదవి కొరుక్కుంది. ఇంకోటి కల్పించి చెప్పొచ్చు. కానీ ఏ అధికారి ముందో ఆయన నోరు తెరిస్తే, అతను నవ్వితే? విభూతి పెట్టుకున్న ఆ నిండు మొహం చిన్నబోవడం కళ్ళకి కట్టింది. ఇక వల్ల కాలేదు. తలుపు తోసుకుని, గడప దాటి, పెళ్ళయ్యాక మొదటిసారి మామగారి ఎదుట నిలబడింది.

"నాకు ఇంగ్లీషు రాదు మామగారూ. అన్‌బిగ్, అన్‌కమ్, అవన్నీ నేను కల్పించినవే. మా నాయన అబద్ధం చెప్పినాడు, నేను నోరు మూసుకున్నా. నన్ను పుట్టింటికి పంపించినా నేనేమీ అనను."

చెప్పేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని తల వంచుకుని నిలబడింది.

మామగారు తిట్టలేదు. ఆయన మొహం పాలిపోయింది. లేవబోయి మళ్ళీ పీట మీద కూలబడ్డారు.

"వాడు యాడ ఉండాడు?" అని భార్యని అడిగారు, నీరసంగా.

"కొట్టంలో. మీరు నిన్న చెప్పినవే వల్లె వేస్తాండాడు."

అంబుజకి ఏమీ అర్థం కాలేదు. "ఎవరత్తా?" అంది.

వరమహాలక్ష్మమ్మ కోడలి మొహంలోకి చూడలేక గడప వైపు చూసింది.

"నీ మొగుడేనమ్మా. వాడు పాసైనాడని మీ నాయనకి మేము చెప్పిందీ అబద్ధమే, రేపు చిక్కబళ్ళాపురంలో మళ్ళీ ఆ ఇంగ్లీషు పరీక్షే రాసేది."