మూడాకులుంటే మారేడే

“మూడాకులు ఒక్క కాడకుంటే అది మారేడే. ఇంకేంది నీ అనుమానం?” అంటూ పుల్లారావు సంచిని శివుడి పటం ముందు గుమ్మరించాడు. కార్తీక సోమవారమని కొట్టుకు తాళం వేసి, దిగువమెట్ట అడవిదాకా పోయి కోసుకొచ్చాడు.

భార్య రామతులసమ్మ ముట్టుకోకుండా వంగి చూసింది. “మారేడుకు ముళ్లుంటాయి. మీకు ఒక్కటన్నా గుచ్చుకునిందా?”

“లేదు. చెట్టెక్కే పని కూడా లేదు. తీగే కిందికి వాలి ఉండె.”

“తీగా? కాయలున్నాయా దానికి?”

“చిక్కుడుకాయల మాదిరి ఉన్నాయి. పైన బంగారు రంగు నూగు. పట్టు మాదిరి ఉందని చేత్తో నిమిరి చూసినా. ఆకుల మీద రాలితే దులిపేసినా.”

చెబుతూనే పుల్లారావు మెడ గోక్కున్నాడు. ఆ తర్వాత మోచేతులు. ఆ తర్వాత వీపును గడపకమ్మీకేసి రుద్దడం మొదలుపెట్టాడు.

రామతులసమ్మకు ఇక ఆకును చూడాల్సిన పని లేకపోయింది.

“అది దూలగొండి! కదలకుండా ఉండండి, గోక్కుంటే ఇంకా పాకుతాది. పక్కింట్లో ఇంత పేడ అడిగి తెచ్చి పూస్తా.”

“ఇంత చాలదు, గంపెడు తీసుకురా,” గోక్కుంటూనే గొణిగాడు పుల్లారావు. “పుణ్యమొస్తాదని ఆకు మన బజారంతా పంచొచ్చినా.”