వాడిన ఉంగరానికి వెల

సాయంత్రం ఐదింటిలోగా ఆరు లక్షలు చేతిలో పెట్టకపోతే, నిశ్చితార్థపు ఉంగరం కొట్టేసిందని పిల్ల మీద పోలీసు కేసు పెడతామని మగపెళ్లివారు కబురు పంపారు.

పిల్ల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనుషుల లోపల ఏముందో చూడడమే ఆమె ఉద్యోగం. అలవాటు చొప్పున మూడు నెలల్లో పెళ్లికొడుకు లోపల ఏముందో కూడా చూసేసి, నాకీ సంబంధం వద్దనేసింది. ఉంగరం తిరిగిచ్చేస్తానంటే వాళ్లు పుచ్చుకోలేదు. ఒకసారి వేలికెక్కిన ఉంగరం ఇంటికి అశుభమట. దాని ఖరీదు మాత్రం శుభమేనట. కేసంటూ పడితే పిల్ల ఉద్యోగం ఊడుతుంది. ఆమె దొంగ కాదని తేలేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

కబురు వినగానే తండ్రి మగాడి ధైర్యమంతా చూపించి ముసుగు తన్ని పడుకున్నాడు. అప్పుడు పొరుగూరి నుంచి మొదటి బస్సులో దిగింది పిన్ని. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. నిశ్చితార్థం నాడు కంటి ఆపరేషనై కట్టుతో ఉండి రాలేకపోయింది గానీ, వచ్చి ఉంటే ఆ పెళ్లికొడుకు కొలతలు అక్కడికక్కడే తేల్చేసేది.

"ఉంగరం ఇలా ఇయ్యవే, నేను చూసుకుంటాను," అంది.

పక్కింటి బాబాయి బ్యాంకులో నగల మీద అప్పులిచ్చే బల్ల దగ్గర ముప్ఫై ఏళ్లు కూర్చుని లేచినవాడు. వాడిన ఉంగరానికి న్యాయమైన ధర రావాలంటే ఏం చెయ్యాలో గోడ మీంచి వంగి మరీ చెప్పాడు. శుభ్రంగా కడిగి తీసుకెళ్లాలట. బిల్లు చేతిలో ఉండాలట. నాలుగు షాపులు తిరగాలట. అవసరంలో ఉన్నట్టు చచ్చినా కనపడకూడదట.

పిన్ని బుద్ధిగా తలూపి, అన్నిటికీ సరిగ్గా ఎదురు చేసింది. ఉంగరాన్ని కడగకపోగా, కుట్టు మెషిన్ నూనె గుడ్డలో మూట కట్టింది. బిల్లు సంగతి ఎత్తలేదు. నాలుగు షాపులు కాదు, నగల వీధిలో అన్నిటికంటే పెద్దదాన్ని ఒక్కదాన్ని చూసుకుని నేరుగా అందులోకి వెళ్లింది. వెళ్లి షావుకారు ఎదుట కూర్చుని, నోరు తెరవకముందే కళ్లొత్తుకుంది.

"బిల్లు లేదండి అన్నయ్యగారూ. మధ్యాహ్నం లోపల డబ్బు కావాలి. తమరే దారి చూపించాలి."

ఎలక దానంతట అదే వచ్చి బోనులో కూర్చుంటే ఎవరికి చేదు? షావుకారు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అమ్మేటప్పుడు రాయి కూడా బంగారమే, కొనేటప్పుడు బంగారం కూడా రాయే, అదీ ఆ వీధి ధర్మం. జిడ్డు ఓడుతున్న ఆ ఉంగరాన్ని రెండు వేళ్లతో ఎత్తి త్రాసులో పడేశాడు. దాని మీద ఆయన చూపు నిలిచింది అరక్షణమే. మిగతా చూపంతా ఎదురుగా ఉన్న మనిషి ఎంత అమాయకురాలో తూచడానికే సరిపోయింది.

రాయిలో పొగ ఉందన్నాడు. బంగారంలో రాగి ఉందన్నాడు. తరుగు తీశాడు, రాయి బరువు తీశాడు, ఇంకేవో రెండు తీశాడు. యాభై వేలన్నవాడు పిన్ని నిట్టూర్చినప్పుడల్లా ఒక మెట్టు దిగి, ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగాడు.

"ఇచ్చినవాళ్లు లక్షలు చేస్తుందన్నారండి," అంది పిన్ని.

"దీన్ని లక్షలన్నవాడు పచ్చి దగాకోరు చెల్లెమ్మా. కొత్తగా ఉన్నప్పుడే యాభై పలకదు. ఆ పెద్దమనిషెవడో నా ముందుకు తీసుకురా, నేనడుగుతాను."

"తమరికెందుకండీ శ్రమ," అంది పిన్ని. "నాకో కాగితం రాసిచ్చారంటే చాలు. ఇంటికెళ్తే మధ్యలో నేనే నొక్కేశానంటారు. ఇది కాదు ఇంకో ఉంగరమంటారు. మా వాళ్ల సంగతి తమరికి తెలీదు."

వ్యాపారానికి నమ్మకమే ప్రాణమని షావుకారు ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. గుమాస్తా చేత ఉంగరాన్ని ఫొటో తీయించి కాగితానికి అంటించాడు. పొగ రాయి, పనికిరాదు, కొత్తదానికే యాభై వేలు మించదు, నేటి న్యాయమైన ధర ముప్ఫై ఎనిమిది వేలు అని తన చేత్తో రాశాడు. షాపు ముద్ర కొట్టి సంతకం గీశాడు.

"ఇక మీ వాళ్లేం ఖర్మ, పోలీసులకు చూపించినా తిరుగుండదు," అన్నాడు.

"ఆ మాట తమరి నోటి నుంచే రావాలి," అంది పిన్ని.

షావుకారు ముప్ఫై ఎనిమిది వేలు ఆమె ముందుకు జరిపాడు. పిన్ని వాటిని ముట్టుకోలేదు. కాగితం మడిచి రవికలో దోపుకుంది. త్రాసులోని ఉంగరాన్ని మళ్లీ నూనె గుడ్డలో కట్టుకుంది. తర్వాత సంచీలోంచి తన కుట్టు కూలి నోట్ల కట్ట తీసి, తొందర లేకుండా ముప్ఫై ఎనిమిది వేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.

"మా ఎక్స్‌రే పిల్ల మీ అబ్బాయికి ఇవ్వాల్సిన ఉంగరం ఖరీదు ఇదిగో, ముట్టినట్టు రసీదు కూడా మీ చేత్తోనే రాసివ్వండి, వియ్యంకుడుగారూ."